పాఠ్య మార్పు ఈవెంటు

కంప్యూటరు ప్రోగ్రాములోని టెక్స్టు బాక్సులో ఉన్న పాఠ్యం మారినప్పుడు, ఆ మార్పు జరిగినదని ప్రోగ్రాముకు తెలియజేసే సంకేతాన్ని పాఠ్య మార్పు ఈవెంటు అంటారు. పేరు, చిరునామా, సంకేతపదం, వెతకవలసిన మాట వంటివాటిని వాడుకరి నింపే గడిని టెక్స్టు బాక్సు అంటారు. ఈ సంకేతం అందగానే నడిచే ప్రోగ్రాము భాగానికి ఈవెంటు హ్యాండ్లరు అని పేరు. పదం వ్రాస్తుండగానే ఫలితాలను చూపడం, అవసరమైన గడులు నిండిన తరువాతనే "భద్రపరచు" బొత్తామును పనిచేయనివ్వడం, ఇంకా ఎన్ని అక్షరాలు వ్రాయవచ్చునో లెక్కించి చూపడం మొదలైన పనులకు డెస్క్‌టాప్ అప్లికేషన్లలో ఈ ఈవెంటును ఉపయోగిస్తారు.

ఈ ఈవెంటు ముఖ్యంగా చెప్పేది ఒక్కటే: పాఠ్యంలో మార్పు జరిగినది. ఆ మార్పు చేసినది వాడుకరియా, ప్రోగ్రామా అన్నది గాని, వ్రాయడం పూర్తయినదా లేదా అన్నది గాని, ఉన్న పాఠ్యం సరియైనదా కాదా అన్నది గాని అది చెప్పదు. ఈ మూడింటినీ ఈవెంటు నుండే ఊహించుకొని వ్రాసిన ప్రోగ్రాములలో దోషాలు తలెత్తుతాయి. తెలుగు వంటి లిపులలో ఇటువంటి దోషాలు మనిషి పేరునే మార్చివేయగలవు.

నేపథ్యం

ఆదేశ పంక్తిపై నడిచే తొలినాటి ప్రోగ్రాములలో ఈ ఈవెంటు అవసరం అంతగా ఉండేది కాదు. వాడుకరి ఒక పంక్తి పూర్తిగా వ్రాసి ఎంటర్ కీ నొక్కిన తరువాత మాత్రమే ఆ పంక్తి ప్రోగ్రాముకు చేరేది. మధ్యలో చేసిన దిద్దుబాట్లు ప్రోగ్రాముకు తెలిసేవి కావు. చిత్రరూప తెరలు వచ్చిన తరువాత ఈ పరిస్థితి మారినది.

1984లో విడుదలైన మెకింతోష్ కంప్యూటరులో ప్రోగ్రామే ఒక లూపు నడుపుతూ, కీ నొక్కిన ప్రతిసారీ ఆ అక్షరాన్ని టెక్స్ట్‌ఎడిట్ అనే సిస్టం భాగానికి అందించవలసి ఉండేది. కనుక పాఠ్యం ఎప్పుడు మారినదో ప్రోగ్రాముకు ముందే తెలిసేది. మైక్రోసాఫ్ట్ విండోస్‌లో పద్ధతి వేరు. అక్కడ ఎడిట్ కంట్రోలు కీలను తానే స్వీకరించి, పాఠ్యాన్ని తానే మార్చుకొని, ఆ తరువాత తనను కలిగి ఉన్న విండోకు సమాచారం పంపుతుంది. పని ఒకచోట, దాని గురించిన వార్త మరొకచోట ఉండే ఈ ఏర్పాటు నుండే నేటి పాఠ్య మార్పు ఈవెంటు రూపొందినది.

1991లో వచ్చిన విజువల్ బేసిక్ దీనిని సామాన్య ప్రోగ్రామర్ల చేతికి అందించినది. ఫారంపై ఉన్న టెక్స్టు బాక్సును మౌసుతో రెండుసార్లు నొక్కితే "ఛేంజ్" అనే ఈవెంటు హ్యాండ్లరు తెరుచుకొనేది. 1995లో వచ్చిన డెల్ఫీలో ఇదే "ఆన్‌ఛేంజ్" అయినది. ఒక వస్తువులోని మార్పును దానిపై ఆధారపడిన ఇతర వస్తువులకు తెలియజేసే ఈ పద్ధతిని గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ 1994లో ప్రచురించిన "డిజైన్ పాటర్న్స్" గ్రంథంలో అబ్జర్వర్ అనే పేరుతో వివరించారు.

పనిచేసే విధానం

టెక్స్టు బాక్సుకు సంబంధించిన ఈవెంట్లను మూడు రకాలుగా విభజించవచ్చును.

* కీ ఈవెంట్లు: కీబోర్డుపై ఒక కీ నొక్కబడినదని చెప్పేవి. పాఠ్యం మారక ముందే కొన్ని వస్తాయి.
* పాఠ్య మార్పు ఈవెంటు: పాఠ్యం మారిన తరువాత వచ్చేది.
* ముగింపు ఈవెంట్లు: వాడుకరి ఎంటర్ నొక్కినప్పుడు గాని, ఆ గడిని వదలి వేరొక గడికి వెళ్ళినప్పుడు గాని వచ్చేవి.

ఉదాహరణకు డాట్‌నెట్‌లోని విండోస్ ఫారమ్స్‌లో ఒక అక్షరపు కీ నొక్కితే వరుసగా కీడౌన్, కీప్రెస్, టెక్స్ట్‌ఛేంజ్డ్, కీఅప్ ఈవెంట్లు వస్తాయి. గడిని వదలినప్పుడు వ్యాలిడేటింగ్, వ్యాలిడేటెడ్ ఈవెంట్లు వస్తాయి. కీప్రెస్ దశలో ఆ అక్షరాన్ని అడ్డుకోవచ్చును. టెక్స్ట్‌ఛేంజ్డ్ వచ్చే సమయానికి అక్షరం గడిలో చేరిపోయి ఉంటుంది.

మార్పులను కనిపెట్టడానికి కీ ఈవెంట్లు మాత్రమే చాలవు. మౌసుతో అతికించినప్పుడు, పాఠ్యాన్ని లాగి వదలినప్పుడు, మెనూ నుండి "రద్దు" ఎంచుకొన్నప్పుడు, ప్రోగ్రామే పాఠ్యాన్ని నింపినప్పుడు కీ ఏదీ నొక్కకుండానే గడి మారుతుంది. అదేవిధంగా బాణం కీలు నొక్కినప్పుడు కీ ఈవెంట్లు వస్తాయి గాని పాఠ్యం మారదు. కనుక గడిలో ఏమున్నదో దానిని బట్టి నడవవలసిన పనులన్నింటికీ పాఠ్య మార్పు ఈవెంటే సరియైన ఆధారం.

వివిధ వేదికలలో

ఒకే భావనను వేర్వేరు వేదికలు వేర్వేరుగా అమలు చేశాయి. వాటి మధ్య తేడాలు పైకి చిన్నవిగా కనబడినా, ఒక వేదిక నుండి మరొకదానికి ప్రోగ్రామును మార్చేటప్పుడు ముఖ్యమవుతాయి.

* విండోస్ ఏపీఐ: ఎడిట్ కంట్రోలు రెండు సూచనలు పంపుతుంది. మారిన పాఠ్యాన్ని తెరపై చూపబోయే ముందు ఈఎన్_అప్‌డేట్, చూపిన తరువాత ఈఎన్_ఛేంజ్ వస్తాయి. అనేక పంక్తులు గల గడిలో ప్రోగ్రాము డబ్ల్యూఎం_సెట్‌టెక్స్ట్ ద్వారా పాఠ్యాన్ని నింపితే ఈఎన్_ఛేంజ్ రాదు. రిచ్ ఎడిట్ కంట్రోలులో ప్రత్యేకంగా కోరితేనే ఈ సూచన వస్తుంది.
* విండోస్ ఫారమ్స్ (2002): టెక్స్ట్‌ఛేంజ్డ్ ఈవెంటు వాడుకరి మార్చినా, ప్రోగ్రాము మార్చినా వస్తుంది.
* డబ్ల్యూపీఎఫ్ (2006): టెక్స్ట్‌ఛేంజ్డ్‌తో పాటు ఏ స్థానంలో ఎన్ని అక్షరాలు చేరాయో, ఎన్ని పోయాయో కూడా తెలుపుతుంది. డేటా బైండింగులో మాత్రం, వేరుగా చెప్పనంతవరకు, టెక్స్టు బాక్సును వదలినప్పుడే విలువ ప్రోగ్రాముకు చేరుతుంది.
* జావా స్వింగ్: ఇక్కడ గడికి బదులు అందులోని పత్రాన్ని గమనించాలి. డాక్యుమెంట్‌లిజనర్‌లో ఇన్సర్ట్‌అప్‌డేట్, రిమూవ్‌అప్‌డేట్, ఛేంజ్డ్‌అప్‌డేట్ అనే మూడు పద్ధతులు ఉన్నాయి. మూడవది రంగు, ఫాంటు వంటి లక్షణాల మార్పుకు సంబంధించినది. పేరును చూసి దానిలోనే అంతా వ్రాసేవారికి సాధారణ గడులలో ఏ సూచనా అందదు. నిండి ఉన్న గడిలో సెట్‌టెక్స్ట్‌తో కొత్త పాఠ్యం పెడితే తొలగింపు, చేర్పు అని రెండు సూచనలు వస్తాయి.
* క్యూటీ: క్యూలైన్‌ఎడిట్‌లో టెక్స్ట్‌ఛేంజ్డ్, టెక్స్ట్‌ఎడిటెడ్ అని రెండు సిగ్నళ్ళు ఉన్నాయి. మొదటిది ఏ మార్పుకైనా వస్తుంది. రెండవది వాడుకరి మార్చినప్పుడు మాత్రమే వస్తుంది. ఎడిటింగ్‌ఫినిష్డ్ అనే సిగ్నలు ముగింపును తెలుపుతుంది.
* జీటీకే: ఛేంజ్డ్ అనే సిగ్నలు వాడుకరికి కనిపించే ఒక చర్య ముగిసిన తరువాత ఒకసారి వస్తుంది. ఎంపిక చేసిన పాఠ్యంపై మరొకటి అతికించినప్పుడు లోపల తొలగింపు, చేర్పు రెండూ జరిగినా సిగ్నలు ఒక్కటే.
* కోకో (మ్యాక్): కంట్రోల్‌టెక్స్ట్‌డిడ్‌ఛేంజ్ అనే సూచన వాడుకరి దిద్దినప్పుడు వస్తుంది; ప్రోగ్రాము స్వయంగా విలువను నింపితే రాదు.

మార్చినది ఎవరు?

ఒక ఫారం తెరుచుకొనేటప్పుడు డేటాబేసు నుండి పాత వివరాలను తెచ్చి గడులలో నింపడం సర్వసాధారణం. ప్రోగ్రాము చేసే మార్పులకు కూడా ఈవెంటు వచ్చే వేదికలలో, ఆ నింపడం కూడా మార్పుగానే లెక్కకు వస్తుంది. అందువలన వాడుకరి ఏమీ ముట్టకుండానే ఫారంను మూసివేయబోతే "మార్పులను భద్రపరచాలా?" అని ప్రోగ్రాము ప్రశ్నిస్తుంది. క్యూటీలో టెక్స్ట్‌ఎడిటెడ్ సిగ్నలు ఈ ఇబ్బందిని తప్పిస్తుంది. ఇతర వేదికలలో పాత విలువను దాచి ఉంచుకొని కొత్తదానితో పోల్చడం మేలైన పద్ధతి. వాడుకరి ఒక అక్షరం చేర్చి మళ్ళీ తీసివేసిన సందర్భంలో కూడా ఈ పోలిక సరియైన సమాధానం ఇస్తుంది.

హ్యాండ్లరే పాఠ్యాన్ని మార్చినప్పుడు మరొక సమస్య పుడుతుంది. ఆ మార్పు మళ్ళీ అదే ఈవెంటును పుట్టించగలదు. ఫారెన్‌హీట్, సెల్సియస్ ఉష్ణోగ్రతలకు రెండు గడులు ఉన్నాయనుకొందాము. ఒకదానిలో వ్రాస్తే రెండవది మారాలి. వాడుకరి ఫారెన్‌హీట్ గడిలో 71 అని వ్రాస్తే, దానికి సమానమైన 21.67 సెల్సియస్‌ను పూర్ణాంకం చేసి ప్రోగ్రాము రెండవ గడిలో 22 అని పెడుతుంది. ఆ మార్పుకు రెండవ గడి హ్యాండ్లరు నడిచి, 22 సెల్సియస్‌కు 71.6 ఫారెన్‌హీట్ అని లెక్కించి, మొదటి గడిలో 72 అని పెడుతుంది. వాడుకరి 71 వ్రాయగా గడిలో 72 కనబడుతుంది. విలువలు ఎప్పటికీ స్థిరపడని లెక్కలలో ఈ చక్రం ఆగక, చివరకు ప్రోగ్రాము కూలిపోవచ్చును.

దీనికి సాధారణంగా ఒక గుర్తును వాడతారు. దాని క్రమం ఇది:

1. "ప్రోగ్రామే మారుస్తున్నది" అనే గుర్తు పెట్టి ఉంటే హ్యాండ్లరు ఏమీ చేయక వెనుదిరగాలి.
2. లేనిచో ఆ గుర్తును పెట్టాలి.
3. రెండవ గడిని మార్చాలి.
4. మధ్యలో పొరపాటు జరిగినా సరే, చివరకు గుర్తును తప్పక తీసివేయాలి.

క్యూటీలో సిగ్నళ్ళను తాత్కాలికంగా ఆపే బ్లాక్‌సిగ్నల్స్ సౌకర్యం ఉన్నది. స్వింగ్‌లో సూచన నడుస్తుండగా అదే పత్రాన్ని మార్చడానికి అసలు వీలు లేదు. ప్రయత్నిస్తే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ అనే దోషం వస్తుంది. అక్కడ అక్షరాలు పత్రంలో చేరకముందే సరిచూసే డాక్యుమెంట్‌ఫిల్టర్‌ను 2002 నాటి జావా 1.4లో ప్రవేశపెట్టారు.

వెంటవెంటనే వచ్చే ఈవెంట్లు

"హైదరాబాదు" అనే మాటలో 9 యూనికోడ్ సంకేతాలు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా వ్రాసినప్పుడు 9 పాఠ్య మార్పు ఈవెంట్లు వస్తాయి. ప్రతిసారీ డేటాబేసులో వెతికితే మొదటి 8 వెతుకులాటలు వృథా. పైగా హ్యాండ్లరు తెరను నడిపే త్రెడ్డులోనే నడుస్తుంది గనుక, అది ఆలస్యమైతే వాడుకరి నొక్కిన అక్షరాలు కూడా ఆలస్యంగా కనబడతాయి.

దీనికి పరిష్కారం, ఈవెంటు రాగానే పని మొదలుపెట్టక ఒక టైమరును మొదలుపెట్టడం. గడువులోగా మరొక ఈవెంటు వస్తే టైమరును మళ్ళీ మొదటి నుండి నడపాలి. వాడుకరి క్షణకాలం ఆగినప్పుడు మాత్రమే అసలు పని జరుగుతుంది. దీనిని డీబౌన్సింగ్ అంటారు. జీటీకేలోని వెతుకు గడి ఇందుకొరకే చివరి మార్పు తరువాత 150 మిల్లీసెకన్లు ఆగి ప్రత్యేక సిగ్నలు పంపుతుంది. డబ్ల్యూపీఎఫ్ బైండింగులో డిలే అనే లక్షణం 2012 నాటి డాట్‌నెట్ 4.5తో వచ్చినది.

వెతుకులాట వేరొక త్రెడ్డులో జరిగితే ఫలితాలు వరుస తప్పి రావచ్చును. "హై" కొరకు మొదలైన పెద్ద వెతుకులాట, "హైదరాబాదు" కొరకు మొదలైన చిన్న వెతుకులాట కంటే ఆలస్యంగా ముగిస్తే, సరియైన ఫలితాలపై పాత ఫలితాలు వచ్చి పడతాయి. ప్రతి వెతుకులాటకు ఒక వరుస సంఖ్య ఇచ్చి, చివరిదానికి తప్ప మిగిలిన వాటి ఫలితాలను విడిచిపెట్టాలి.

సరిచూడడం

వయస్సు 18 నుండి 60 లోపు ఉండాలనే నియమాన్ని ప్రతి మార్పు వద్ద కఠినంగా అమలు చేస్తే, 25 అని వ్రాయడమే సాధ్యం కాదు. ఎందుకనగా ముందుగా 2 వ్రాయాలి, 2 ఆ పరిధిలో లేదు. వ్రాస్తున్న పాఠ్యం చాలాసేపు అసంపూర్ణంగా ఉండడం సహజం. క్యూటీలోని క్యూవ్యాలిడేటర్ ఈ సంగతిని గుర్తించి, పాఠ్యానికి మూడు స్థితులు నిర్ణయించినది: చెల్లనిది, మధ్యస్థం, చెల్లుబాటు అయ్యేది. మధ్యస్థ స్థితిలో ఉన్నదానిని వ్రాయనిస్తుంది గాని పూర్తయినదిగా అంగీకరించదు.

కనుక మార్పు ఈవెంటులో హెచ్చరిక చూపడం వరకే చేసి, తిరస్కరించే నిర్ణయాన్ని ముగింపు ఈవెంటుకు విడిచిపెట్టడం మంచిది. హ్యాండ్లరులో పాఠ్యాన్ని శుభ్రపరచి మళ్ళీ పెట్టడం వలన మరో నష్టం కూడా ఉన్నది. విండోస్ ఎడిట్ కంట్రోలులో పాఠ్యాన్ని మొత్తంగా మార్చితే కర్సరు మొదటికి వెళ్ళిపోతుంది, "రద్దు" చేయడానికి దాచి ఉంచిన సమాచారం కూడా పోతుంది.

తెలుగు పాఠ్యం

తెలుగులో చదువరి ఒక అక్షరంగా భావించేది కంప్యూటరుకు అనేక సంకేతాల వరుస. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం అని 6 యూనికోడ్ సంకేతాలు ఉన్నాయి. యూటీఎఫ్-8లో ఇవి 18 బైట్లు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుపై వీటిని విడివిడిగా నొక్కితే 6 మార్పు ఈవెంట్లు వస్తాయి. అనేక ప్రోగ్రాములలో బ్యాక్‌స్పేస్ కూడా ఒక్కొక్క సంకేతాన్నే తొలగిస్తుంది. కనుక మధ్యలో వచ్చే ఈవెంట్లలో పాఠ్యం పొల్లుతో ముగిసి ఉండడం దోషం కాదు.

ఆంగ్లాక్షరాలతో తెలుగు వ్రాసే లిప్యంతరీకరణ పద్ధతులలో మరో విశేషం ఉన్నది. "కె" అనే ఆంగ్లాక్షరం నొక్కితే "క్" వస్తుంది. ఇందులో 2 సంకేతాలు. తరువాత "ఎ" అనే ఆంగ్లాక్షరం నొక్కితే అది "క" అవుతుంది. ఇందులో 1 సంకేతం. అనగా వాడుకరి ఒక కీ అదనంగా నొక్కగా పాఠ్యం పొడవు తగ్గినది. పొడవు తగ్గితే వాడుకరి చెరిపివేశాడని భావించే ప్రోగ్రాము ఇక్కడ పొరబడుతుంది. కొన్ని సిస్టములలో ఈ కూర్పు జరుగుతున్నంతసేపు అక్షరాలను క్రింద గీతతో తాత్కాలికంగా చూపి, పూర్తయిన తరువాతనే గడికి అప్పగిస్తారు. చైనీస్, జపనీస్ భాషలకు వాడే పద్ధతి ఇదే. కూర్పు మధ్యలో హ్యాండ్లరు పాఠ్యాన్ని మార్చితే ఆ కూర్పు చెడిపోవచ్చును.

పేర్ల గడులలో ఈ తేడాల ఫలితం తీవ్రంగా ఉంటుంది. "అక్షరాలు మాత్రమే" అనుమతించడానికి డాట్‌నెట్‌లోని ఈజ్‌లెటర్ పరీక్షను వాడితే, యూనికోడ్ లెక్క ప్రకారం గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అక్షరాలు కావు గనుక అవి తొలగిపోతాయి. అప్పుడు "రాము" అని వ్రాస్తే గడిలో "రమ" మిగులుతుంది. ఒక పురుషుని పేరు స్త్రీ పేరు అవుతుంది.

పొడవు పరిమితి మరొకటి. "వేంకటేశ్వర్లు" అనే పేరు చదువరికి 5 అక్షరాలు. కంప్యూటరుకు 13 సంకేతాలు. పరిమితి 10 అయితే గడిలో "వేంకటేశ్వర" వద్ద ఆగిపోతుంది. యూటీఎఫ్-8లో 30 బైట్లకు కత్తిరించినా ఇదే జరుగుతుంది. మిగిలినది చూడడానికి చక్కని పేరే గనుక ఏ పరీక్షా దానిని తప్పు పట్టదు. ధ్రువపత్రంలో అచ్చయిన తరువాత గాని, వేరొక పత్రంతో సరిపోలనప్పుడు గాని ఆ తప్పు బయటపడదు.

కంటికి కనబడని సంకేతాలను తొలగించే హ్యాండ్లర్లు కూడా తెలుగుకు హాని చేస్తాయి. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో పొల్లు తరువాత వకారం విడిగా నిలవడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య సంకేతం కారణం. దానిని తీసివేస్తే వకారం టకారానికి వత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది.

1998 నాటి విజువల్ బేసిక్ 6.0లోని సాధారణ టెక్స్టు బాక్సులు సిస్టం యొక్క ఆన్సీ కోడ్ పేజీపై ఆధారపడేవి. విండోస్‌లో తెలుగుకు అటువంటి కోడ్ పేజీ లేదు. అందువలన 2001లో విండోస్ ఎక్స్‌పీ తెలుగు యూనికోడ్‌ను చూపగలిగినా, ఆ గడులలో తెలుగు అక్షరాలకు బదులు ప్రశ్న గుర్తులు కనబడేవి. ఆన్సీపై ఆధారపడని యూనికోడ్ పాఠ్యం డాట్‌నెట్‌తో ఈ ఇబ్బంది తొలగినది.

చదువరి భావించే అక్షరాలను లెక్కించడానికి యూనికోడ్ ప్రమాణం గ్రాఫీమ్ క్లస్టర్ అనే భావనను నిర్వచించినది. పాత నియమాల ప్రకారం "స్త్రీ" 3 ముక్కలుగా విడిపోయేది. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదనే నియమం చేరినది. ఆ నియమాన్ని అమలుచేసిన లైబ్రరీలలో అది ఒకే క్లస్టరు. ప్రోగ్రాము వాడే లైబ్రరీ ఏ కాలపు నియమాలను అనుసరిస్తున్నదో చూసుకోవాలి.

పాటించదగిన పద్ధతులు

* గడిలో ఏమున్నదో తెలుసుకోవడానికి కీ ఈవెంట్లకు బదులు పాఠ్య మార్పు ఈవెంటును వాడాలి.
* ప్రోగ్రాము చేసిన మార్పును, వాడుకరి చేసిన మార్పును వేరుగా గుర్తించాలి.
* హ్యాండ్లరులో తేలికైన పనులే చేసి, భారమైన వాటిని టైమరుతో వాయిదా వేయాలి.
* అసంపూర్ణ పాఠ్యాన్ని చెరపరాదు. తుది పరీక్ష ముగింపు ఈవెంటులో చేయాలి.
* పరిమితి మించినప్పుడు నిశ్శబ్దంగా కత్తిరించక, వాడుకరికి తెలియజేయాలి.
* తెలుగు పేర్లలో గుణింతాలు, వత్తులు, అదృశ్య సంకేతాలు ఉన్నవాటితో కూడా గడిని పరీక్షించాలి.

ఇవి కూడా చూడండి

* ఈవెంటు ఆధారిత ప్రోగ్రామింగు
* విజువల్ బేసిక్
* యూనికోడ్
* ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు
* తెలుగు లిపి